ఏ తలం మీద జారుతోంది? షియర్ స్ట్రెస్‌ను అర్థం చేసుకుని లెక్కకట్టడం

మెట్ట పొలాల్లో రోటవేటర్ వేసే ట్రాక్టర్ డ్రైవర్ దగ్గర నాలుగైదు చిన్న బోల్టులు ఎప్పుడూ విడిగా ఉంటాయి. ఉదయగిరి వైపైనా, కనిగిరి వైపైనా చేలో రాయి తగిలి బ్లేడ్లు బిగుసుకుపోతే, ట్రాక్టర్ నుంచి రోటవేటర్‌కు వెళ్లే షాఫ్టు దగ్గర ఒక బోల్టు టప్పున తెగుతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, రోటవేటర్ ఆగిపోతుంది. డ్రైవర్ దిగి, తెగిన ముక్కలను తట్టి తీసేసి, కొత్త బోల్టు బిగించి మళ్లీ దున్నకం మొదలుపెడతాడు. దాన్ని షియర్ బోల్టు అంటారు. వేల రూపాయల గేర్‌బాక్సు పాడవకుండా, అంతకంటే ముందు తాను తెగిపోవాలని లెక్క చూసి పెట్టిన భాగం అది.

తెగిన ముక్కను ఒకసారి పరిశీలించండి. లాగి తెంపిన బోల్టయితే ముందు సాగి, నడుము సన్నబడి, ఆ తర్వాత తెగుతుంది. ఇది అలా కనిపించదు. సగం ముక్క పక్కకు జరిగిపోయినట్టు, అడ్డంగా చదునుగా తెగి ఉంటుంది. షాఫ్టు వైపున్న రేకు బోల్టును ఒక పక్కకు తోసింది, రోటవేటర్ వైపున్న రేకు రెండో పక్కకు ఆపింది. ఆ రెండు రేకులు కలిసే చోట, బోల్టు అడ్డుకోతలో, ఒక సగం రెండో సగం మీద జారింది. షియర్ అంటే ఈ జారుడే. ఆ జారుడును ఆపడానికి పదార్థం లోపల, ప్రతి చదరపు మిల్లీమీటరు మీద ఎంత బలం పుడుతోందో చెప్పేది షియర్ స్ట్రెస్.

సూత్రం చిన్నది. బలాన్ని వైశాల్యంతో భాగించడమే. బలాన్ని న్యూటన్లలో, వైశాల్యాన్ని చదరపు మిల్లీమీటర్లలో పెడితే జవాబు నేరుగా మెగాపాస్కల్‌లో వస్తుంది. లాగుడు స్ట్రెస్‌కూ ఇదే భాగహారం కదా, మరి తేడా ఎక్కడ? లాగేటప్పుడు బలం తలానికి నిట్టనిలువుగా ఉంటుంది. షియర్‌లో బలం తలం వెంటే, దాన్ని రాసుకుంటూ పోతుంది. కాబట్టి షియర్ లెక్కలో మొదట అడగాల్సింది బలం ఎంత అని కాదు. ఏ తలం మీద జారుతుంది అని. ఒంగోలులో డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలకు మెకానిక్స్ చెబుతూ నేను ఎక్కువగా చూసే ఇబ్బంది ఇక్కడే. సూత్రం అందరికీ నోటికి వస్తుంది. ఏ వైశాల్యం వేయాలో తెలియక పెన్ను ఆగిపోతుంది.

ముందు ఆ బోల్టు లెక్కే చేద్దాం. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే గాని, మన ట్రాక్టర్లకు దగ్గరగా ఉండేవే. పీటీఓ షాఫ్టు (ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని రోటవేటర్‌కు అందించే షాఫ్టు) దగ్గర 40 హార్స్‌పవర్, అంటే దాదాపు 30 కిలోవాట్లు అందుతోందనుకోండి. షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. దాన్ని సెకనుకు రేడియన్లలోకి (ఒక చుట్టు అంటే 6.28 రేడియన్లు) మారిస్తే 56.5. పవర్‌ను దీంతో భాగిస్తే టార్క్, అంటే మెలితిప్పే శక్తి కొలత, వస్తుంది: 30,000 ÷ 56.5, సుమారు 531 న్యూటన్ మీటర్లు. బోల్టు షాఫ్టు కేంద్రం నుంచి 50 మి.మీ. దూరంలో ఉంటే, దాని మీద పడే అడ్డబలం 531 ÷ 0.05, అంటే 10,620 న్యూటన్లు. బోల్టు 8 మి.మీ. వ్యాసం, అడ్డుకోత వైశాల్యం సుమారు 50 చదరపు మి.మీ. కాబట్టి షియర్ స్ట్రెస్ 10,620 ÷ 50, దాదాపు 212 మెగాపాస్కల్.

ఇది తట్టుకుంటుందా? బోల్టు తల మీద 8.8 అని ఉంటే, దాని లాగుడు బలం 800 మెగాపాస్కల్. ఉక్కు షియర్‌లో తెగడానికి లాగుడు బలంలో దాదాపు 60 శాతం చాలు, అంటే 480. మామూలు దున్నకంలో 212 పడుతుంది, తెగడానికి 480 కావాలి. రాయి తగిలి టార్క్ రెట్టింపు దాటినప్పుడు మాత్రమే బోల్టు తెగుతుంది. మనకు కావలసింది అదే.

అదే చోట 4.6 రకం మామూలు బోల్టు పెడితే దాని షియర్ బలం 240 దగ్గర ఉంటుంది. 212కూ 240కీ మధ్య ఎడం లేదు. నేల కాస్త గట్టిగా ఉన్నా పూటకు నాలుగుసార్లు తెగుతుంది. విసుగొచ్చి 12.9 గ్రేడ్ బోల్టు బిగించారనుకోండి. దాని షియర్ బలం 720 దాకా పోతుంది. బోల్టు తెగాలంటే టార్క్ 1800 న్యూటన్ మీటర్లకు చేరాలి. అంతవరకు ఆ బోల్టు నిలుస్తుంది. అయితే ఆ టార్క్‌నంతా మోయాల్సింది గేర్‌బాక్సులోని పళ్లు, క్రాస్ జాయింటు. ‘గట్టి బోల్టు వేయించాను’ అని సంబరపడ్డ రైతు ఖర్చు బోల్టు నుంచి గేర్లకు మారుతుంది. షియర్ బోల్టు స్థానంలో దొరికిన బోల్టు పెట్టొద్దని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

ఇంకో చిన్న విషయం. బోల్టులో థ్రెడ్ ఉన్న భాగం జారే తలంలోకి వస్తే, అక్కడ వైశాల్యం 50 కాదు, 36.6 చదరపు మి.మీ. మాత్రమే. బోల్టు అదే, గ్రేడు అదే, బలం మాత్రం నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. షెడ్ల ఉక్కు నిర్మాణాలకు వాడే ఐ.ఎస్. (ఇండియన్ స్టాండర్డ్) 800 కోడు కూడా ఈ రెండు వైశాల్యాలను విడివిడిగా లెక్కించమంటుంది. 20 మి.మీ. బోల్టుకు నున్నటి భాగంలో 314, థ్రెడ్ దగ్గర 245. 4.6 గ్రేడులో ఆ 245తో లెక్క వేస్తే, భద్రతా గుణకం పోను, ఒక జారే తలానికి దాదాపు 45 కిలోన్యూటన్లు వస్తుంది.

ట్రాక్టర్‌కు ట్రక్కు తగిలించే పిన్ను చూడండి. పైన ఒక రేకు, కింద ఒక రేకు, మధ్యలో ట్రక్కు కొండీ, మూడింటి గుండా పిన్ను. ఇది తెగాలంటే ఒకచోట తెగితే చాలదు. కొండీ పైన ఒకచోట, కింద ఒకచోట, రెండు చోట్లా తెగాలి. కాబట్టి వైశాల్యం రెండింతలు. 25 మి.మీ. పిన్ను అడ్డుకోత 491 చదరపు మి.మీ. ట్రక్కు 20 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంటే స్ట్రెస్ 20,000 ÷ 982, అంటే 20 మెగాపాస్కల్ చిల్లర. ఒకే రేకు ఉంటే అది 40 దాటేది. దీన్నే డబుల్ షియర్ అంటారు. లెక్క వేసేముందు ‘ఇది విడిపోవాలంటే ఎన్ని చోట్ల తెగాలి’ అని వేలు పెట్టి లెక్కపెడితే ఈ తరహా ప్రశ్నల్లో తప్పు జరగదు. పిన్ను మరీ వదులుగా, రేకుల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే మాత్రం అది వంగడం కూడా మొదలుపెడుతుంది. అప్పుడు షియర్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.

రేకుకు బెజ్జం కొట్టే పంచింగ్ మిషన్ దగ్గర వైశాల్యం ఇంకో రూపంలో వస్తుంది. 6 మి.మీ. మందమున్న రేకుకు 12 మి.మీ. బెజ్జం కొట్టాలి. చాలామంది వెంటనే వృత్తం వైశాల్యం వేస్తారు: 113 చదరపు మి.మీ. కానీ అక్కడ జారుతున్నది ఏది? ఊడి కిందపడే బిళ్ల చుట్టూ ఉన్న అంచు గోడ. దాని పొడవు వృత్తం చుట్టుకొలత, ఎత్తు రేకు మందం. 3.14 × 12 × 6, అంటే 226 చదరపు మి.మీ. సరిగ్గా రెండింతలు తేడా. మామూలు ఉక్కు తెగడానికి 300 మెగాపాస్కల్ అనుకుంటే 68 కిలోన్యూటన్లు, దాదాపు 7 టన్నుల ఒత్తిడి కావాలి. వృత్తం వైశాల్యంతో లెక్కగట్టి మిషన్ కొన్నవాడికి బెజ్జం పడదు.

ఇల్లు కట్టేటప్పుడు ఫుటింగ్ (పునాది దిమ్మ) మీద నిలబడ్డ పిల్లర్ చేసేదీ ఇదే పని. పిల్లర్ ఫుటింగ్‌ను పొడుచుకుని కిందికి దిగిపోవాలని చూస్తుంది. అయితే కాంక్రీటు పిల్లర్ అంచునే నిలువునా తెగదు, ఏటవాలుగా విచ్చుకుంటూ తెగుతుంది. అందుకే మన ఐ.ఎస్. 456 కోడు, పిల్లర్ అంచు నుంచి ఫుటింగ్ లోతులో సగం దూరం బయటికి జరిగి, అక్కడ చుట్టుకొలత తీసుకోమంటుంది. ఎత్తుగా ఆ లోతునే వేయాలి. ఫుటింగ్ మందం ఎందుకంత ఉంది, తగ్గించొచ్చు కదా అని అడిగే ఇంటి యజమానులకు జవాబు చాలాసార్లు ఈ లెక్కలోనే ఉంటుంది.

ఇంతవరకు చేసిన లెక్కలన్నీ సగటు లెక్కలు. వైశాల్యమంతా స్ట్రెస్ సమంగా పంచుకుంటుందని అనుకున్నాం. బోల్టులకు, పిన్నులకు ఈ ఊహ చాలు, ఎందుకంటే తెగే ముందు ఉక్కు కాస్త సాగి బరువును సర్దుకుంటుంది. షాఫ్టుల దగ్గర, దూలాల దగ్గర మాత్రం ఈ ఊహ పనికిరాదు. అక్కడికి వెళ్లేముందు షియర్ గురించి ఒక ముఖ్యమైన సంగతి తెలియాలి. పాఠాల్లో ఇది అర పేజీలో అయిపోతుంది. నా దృష్టిలో షియర్ అధ్యాయంలో అసలు ప్రాణం ఇక్కడే ఉంది.

పదార్థం లోపల ఒక చిన్న ఘనాన్ని ఊహించండి. పై ముఖం మీద షియర్ కుడివైపుకు లాగుతోంది, కింది ముఖం మీద ఎడమవైపుకు. రెండూ సమానం కాబట్టి ఘనం పక్కకు కదలదు. కానీ అవి ఒకే గీత మీద లేవు. ఈ జంట ఘనాన్ని గిర్రున తిప్పేస్తుంది. నిజంగా మాత్రం పదార్థం లోపలి ఘనం ఏదీ అలా తిరగడం లేదు. అంటే దాన్ని ఆపే ఇంకో జంట ఉండి తీరాలి. అది పక్క ముఖాల మీద ఉంటుంది, ఒకటి పైకి, ఒకటి కిందికి, సరిగ్గా అంతే పరిమాణంలో. కాబట్టి షియర్ ఒక తలం మీద ఒంటరిగా ఉండదు. అడ్డంగా షియర్ ఉందంటే నిలువుగానూ అంతే షియర్ ఉంటుంది. ఇంజనీర్లు దీన్ని కాంప్లిమెంటరీ షియర్ అంటారు.

ఇప్పుడు ఆ ఘనం మూలలు చూడండి. నాలుగు ముఖాల మీద బాణాలు గీస్తే, రెండు ఎదురెదురు మూలల దగ్గర బాణాల కొనలు కలుసుకుంటాయి, మిగతా రెండు మూలల దగ్గర తోకలు కలుసుకుంటాయి. కొనలు కలిసే మూలలను కలిపే కర్ణం సాగుతుంది, రెండో కర్ణం కుంచించుకుపోతుంది. అంటే 45 డిగ్రీల వాలులో చూస్తే షియర్ అనేదే లేదు. ఒక దిక్కున శుద్ధ లాగుడు, దానికి అడ్డదిక్కున శుద్ధ నొక్కుడు, రెండూ షియర్ ఎంతో అంతే. ఒక బిందువు దగ్గర స్ట్రెస్ ఎంత అని మాత్రమే అడిగితే అది సగం ప్రశ్న. ఏ తలం మీద అన్నది కూడా చెప్పాలి. ఈ ఆలోచనకు 1822లో గణిత రూపం ఇచ్చినవాడు ఫ్రెంచ్ గణితవేత్త కోషీ.

ఇది కాగితం మీది మాట కాదని చూపించడానికి ఒక సుద్దముక్క చాలు. రెండు చివరలూ పట్టుకుని వంచకుండా మెలితిప్పండి. అది అడ్డంగా చదునుగా తెగదు. 45 డిగ్రీల వాలులో, మర మాదిరిగా చుట్టుకుంటూ విరుగుతుంది. సుద్ద లాగుడుకు బలహీనం, కాబట్టి లాగుడు ఎక్కువున్న వాలులో విడిపోయింది. మెత్తటి ఉక్కు కడ్డీని మిషన్ మీద తెగేదాకా మెలితిప్పితే అడ్డంగా చదునుగా తెగుతుంది, ఎందుకంటే అది లాగుడు కంటే జారుడుకు ముందు లొంగుతుంది. పచ్చి సరుగుడు కొమ్మను మెలితిప్పితే ఈ రెండూ కాకుండా నార వెంట పొడవునా చీలుతుంది. మనం తిప్పింది అడ్డంగా, అది చీలింది నిలువుగా. ఆ నిలువు తలం మీద కాంప్లిమెంటరీ షియర్ ఉంది, నార వెంట చెక్క జారుడుకు బలహీనం, అందుకని. మూడింటి మీదా పడిన స్ట్రెస్ రకం ఒకటే. ఎవరి బలహీనత ఏ తలంలో ఉందో అక్కడ తెగారు.

రాళ్లలోనూ ఈ తేడా మన ప్రాంతంలో కళ్లముందే కనిపిస్తుంది. మార్కాపురం పలకరాయి పొరల వెంట జారుడుకు, చీలికకు సులువుగా లొంగుతుంది, పొరలకు అడ్డంగా గట్టిగా నిలుస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో అలాంటి పొర లేదు. శాస్త్రవేత్తలు దాన్ని గాబ్రో జాతి రాయి అంటారు, స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. పలకరాయికి ‘షియర్ బలం ఎంత’ అంటే జవాబు చెప్పలేం. పొర వెంటనా, అడ్డంగానా అని ఎదురు అడగాలి.

నేరుగా లాగిన కడ్డీలో కూడా షియర్ దాగి ఉంటుంది. ఉక్కు కడ్డీని 250 మెగాపాస్కల్‌తో లాగితే, 45 డిగ్రీల వాలు తలం మీద 125 మెగాపాస్కల్ షియర్ ఉంటుంది. మెత్తటి ఉక్కు సాగడం మొదలుపెట్టేది ఈ వాలు తలాల మీది జారుడు వల్లే. 1864లో ఫ్రెంచ్ ఇంజనీర్ ట్రెస్కా తన ప్రయోగాలతో ఈ దారి చూపించాడు.

ఇక షాఫ్టులు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో రాత్రంతా తిరిగే ఏరియేటర్లు చూసే ఉంటారు. మోటారు 2 హార్స్‌పవర్, అంటే 1.5 కిలోవాట్లు. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది, గేర్లు దాన్ని తగ్గించి చక్రాల షాఫ్టును దాదాపు 100 చుట్ల దగ్గర తిప్పుతాయనుకుందాం. మోటారు షాఫ్టు మీద టార్క్ 10 న్యూటన్ మీటర్లు కూడా ఉండదు. చక్రాల షాఫ్టు మీద 143 ఉంటుంది. పవర్ ఒకటే, వేగం తగ్గిన కొద్దీ టార్క్ పెరిగింది. మోటారు నుంచి వచ్చే షాఫ్టు సన్నగా, నీళ్ల మీద నెమ్మదిగా తిరిగే షాఫ్టు లావుగా ఎందుకుంటుందో ఇదీ కారణం.

మెలితిరిగే గుండ్రటి షాఫ్టులో షియర్ స్ట్రెస్ కేంద్రం దగ్గర సున్నా, అంచు దగ్గర గరిష్ఠం. మధ్యలో సరళరేఖలా పెరుగుతుంది. అంచు దగ్గరి విలువ కావాలంటే టార్క్‌ను 16తో గుణించి, దాన్ని 3.14 తోనూ వ్యాసం ఘనంతోనూ భాగించాలి. టార్క్‌ను న్యూటన్ మిల్లీమీటర్లలోకి మార్చడం మరవకూడదు. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఆ వెయ్యి దగ్గరే. 25 మి.మీ. షాఫ్టుకు: 16 × 1,43,000 ÷ (3.14 × 15,625), అంటే దాదాపు 47 మెగాపాస్కల్. అరిగిపోయో, చవకకు దొరికిందనో 20 మి.మీ. షాఫ్టు వేస్తే అదే టార్క్‌కు 91. వ్యాసం ఐదో వంతు తగ్గితే స్ట్రెస్ దాదాపు రెండింతలైంది, ఎందుకంటే లెక్కలో వ్యాసం ఘనంగా వస్తుంది. ఉప్పునీటి తుప్పు తినేది కూడా షాఫ్టు పైపొరనే, స్ట్రెస్ ఎక్కువగా ఉండేదీ ఆ పైపొరలోనే. షాఫ్టు మధ్యలో ఉన్న ఉక్కు పెద్దగా పని చేయదు కాబట్టి, బరువు తగ్గాల్సిన చోట్ల గొట్టాల్లాంటి బోలు షాఫ్టులు వాడతారు.

దూలాల సంగతి అన్నిటికంటే చిక్కైనది. దూలం వంగుతుందని అందరికీ తెలుసు, అది లోపల జారుతుందని తోచదు. ఒకే కొలత ఉన్న రెండు చెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండు చివరలా ఆధారం ఇచ్చి, మధ్యలో నిలబడండి. వంగినప్పుడు చివరల దగ్గర చూస్తే పై చెక్క, కింది చెక్క ఒకదాని మీద ఒకటి జరిగి ఉంటాయి. అవే రెండు చెక్కలను బాగా అతికించో, బోల్టులు బిగించో మళ్లీ నిలబడితే జరగవు, వంగడం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఆ జారుడును అతుకు మోస్తోంది. ఒకే దుంగ నుంచి తీసిన దూలంలో ఆ పనిని చెక్క నారే చేస్తుంది. దూలం మీద బరువు నిలువుగా పడుతుంటే లోపల అడ్డంగా జారుడు ఎలా పుట్టిందంటే, మళ్లీ ఆ ఘనమే జవాబు. నిలువు షియర్ ఉన్నచోట అడ్డ షియర్ ఉండి తీరుతుంది.

దీన్ని లెక్కలోకి తెచ్చింది రష్యన్ ఇంజనీర్ ఝురావ్‌స్కీ. 19వ శతాబ్దం మధ్యలో మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్ రైలు మార్గానికి పెద్ద పెద్ద చెక్క వంతెనలు కడుతూ ఆయన ఈ పొడవాటి చీలిక సమస్యను ఎదుర్కొన్నాడు. ఆయన ఇచ్చిన సూత్రం ఈనాటికీ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంది. దూలం లోతులో ఏ మట్టం దగ్గర స్ట్రెస్ కావాలో అక్కడ ఒక అడ్డగీత గీయండి. ఆ గీత పైన మిగిలిన భాగం వైశాల్యాన్ని, ఆ భాగం కేంద్రానికి న్యూట్రల్ యాక్సిస్ (దూలం వంగినప్పుడు సాగని, కుంచించుకోని మధ్య మట్టం) నుంచి ఉన్న దూరంతో గుణించండి. దాన్ని షియర్ ఫోర్స్‌తో (ఆ అడ్డుకోత దగ్గర దూలం మోసే నిలువు బలంతో) గుణించి, దూలం మొత్తం మూమెంట్ ఆఫ్ ఇనర్షియాతోనూ (అడ్డుకోత ఆకారం వంగుడును ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత), గీత దగ్గర దూలం వెడల్పుతోనూ భాగించండి.

నెల్లూరు పాత మిద్దెల్లో ఉండే టేకు దూలం ఒకటి తీసుకుందాం. వెడల్పు 100, లోతు 200 మి.మీ., ఆధారాల మధ్య 3 మీటర్లు, మొత్తం బరువు 12 కిలోన్యూటన్లు సమంగా పరచి ఉంది. ఆధారం దగ్గర షియర్ ఫోర్స్ సగం, 6,000 న్యూటన్లు. సగటు తీస్తే 6,000 ÷ 20,000, అంటే 0.3 మెగాపాస్కల్. ఇప్పుడు లోతు మధ్యలో గీత గీస్తే, పైభాగం వైశాల్యం 100 × 100, దాని కేంద్రం దూరం 50, గుణిస్తే 5,00,000. ఇనర్షియా 6,66,66,667. సూత్రంలో పెడితే 0.45 వస్తుంది. సగటుకు ఒకటిన్నర రెట్లు. దీర్ఘచతురస్రపు దూలానికి ఇది ఎప్పుడూ ఒకటిన్నర రెట్లే, పైఅంచున, కిందఅంచున సున్నా. గుండ్రటి దుంగకు ఆ గుణకం మూడింట నాలుగు. పాత దూలాల కొనల దగ్గర, లోతు మధ్యలో పొడవాటి బీట కనిపిస్తే జాగ్రత్త పడాల్సింది ఇందుకే. షియర్ ఫోర్స్ ఎక్కువగా ఉండేది ఆధారం దగ్గర, షియర్ స్ట్రెస్ ఎక్కువగా ఉండేది లోతు మధ్యలో. ఆ రెండూ కలిసే చోటే ఆ బీట పడింది.

అదే దూలానికి వంగుడు స్ట్రెస్ లెక్కిస్తే 6.75 మెగాపాస్కల్ వస్తుంది. 6.75ను 0.45తో భాగించండి: 15. దూలం పొడవును లోతుతో భాగించండి: 3000 ÷ 200, అదీ 15. ఇది యాదృచ్ఛికం కాదు. రెండు చివరలా ఆని, సమంగా బరువు మోసే ప్రతి దీర్ఘచతురస్రపు దూలానికీ ఈ రెండు నిష్పత్తులూ సమానమే. బరువు ఎంతైనా, వెడల్పు ఎంతైనా సరే. పొడవాటి దూలంలో వంగుడు షియర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పొట్టిగా, లోతుగా ఉన్న దూలంలో రెండూ దగ్గరకొస్తాయి. నార వెంట చెక్క జారుడు బలం చాలా తక్కువ కాబట్టి పొట్టి దూలం షియర్‌కే ముందు లొంగవచ్చు. నాకు మెకానిక్స్‌లో బాగా ఇష్టమైన ఫలితాల్లో ఇదొకటి. ఒక్క భాగహారంతో ఏ ప్రమాదాన్ని ముందు చూడాలో తెలిసిపోతుంది.

కాంక్రీటు దూలం దగ్గరికి వస్తే సుద్దముక్క మళ్లీ అక్కరకొస్తుంది. కాంక్రీటు కూడా లాగుడుకు బలహీనమే. ఆధారాల దగ్గర షియర్ ఎక్కువ, అంటే 45 డిగ్రీల వాలులో లాగుడు ఎక్కువ. కాబట్టి పగులు ఆధారం దగ్గర ఏటవాలుగా పడుతుంది. ఈ వాలు పగులును కుట్టి పట్టుకోవడానికే రింగులు, అంటే దూలం కడ్డీల చుట్టూ కట్టే సన్న ఉక్కు చుట్లు. నిలువుగా ఉన్న ప్రతి రింగు ఆ పగులుకు అడ్డంగా వెళుతుంది.

230 మి.మీ. వెడల్పు, స్టీలు వరకు 450 మి.మీ. లోతు, 4 మీటర్ల దూలం. భద్రతా గుణకం కలిపిన బరువు మీటరుకు 60 కిలోన్యూటన్లు. ఆధారం దగ్గర షియర్ ఫోర్స్ 120 కిలోన్యూటన్లు. ఐ.ఎస్. 456 ఇక్కడ ఝురావ్‌స్కీ సూత్రం వాడమనదు, ఎందుకంటే పగిలిన కాంక్రీటులో స్ట్రెస్ పంపకం ఆ సూత్రం చెప్పినట్టు ఉండదు. వెడల్పును లోతుతో గుణించి భాగించమంటుంది: 1,20,000 ÷ 1,03,500, అంటే 1.16 మెగాపాస్కల్. కింద నాలుగు 16 మి.మీ. కడ్డీలుంటే స్టీలు 0.78 శాతం. ఎం20 కాంక్రీటు (20 మెగాపాస్కల్ నొక్కుడు బలం ఉన్న రకం) ఆ స్టీలుతో తానుగా మోయగలిగేది కోడు పట్టిక ప్రకారం దాదాపు 0.56. ఎన్ని రింగులు పెట్టినా దాటకూడని గరిష్ఠం 2.8. మనం మధ్యలో ఉన్నాం. కాంక్రీటు 58 కిలోన్యూటన్లు మోస్తే, మిగిలిన 62 రింగుల వాటా. 8 మి.మీ. రెండు కాళ్ల రింగులకు లెక్క వేస్తే 263 మి.మీ. దూరం వస్తుంది, 250 పెట్టుకోవాలి.

ఇది మామూలు బరువులకు. భూకంపాన్ని తట్టుకోవాల్సిన ఫ్రేముల్లో, దూలం రెండు చివర్లలో లోతుకు రెండింతల దూరం వరకు రింగులు మరింత దగ్గరగా ఉండాలని ఐ.ఎస్. 13920 చెబుతుంది. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర భూమి కంపించిన సంగతి పెద్దలు ఇంకా చెప్పుకుంటారు. మన జిల్లాల్లో ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకునే వీలు లేదు.

సైట్లలో మాత్రం రింగులు దూలమంతా ఒకే దూరంలో కట్టేయడం, లేదా జంక్షన్ దగ్గర కడ్డీలు ఎక్కువై చెయ్యి దూరదని అక్కడే ఒకటీ రెండూ వదిలేయడం జరుగుతుంది. నడుమ భాగంలో షియర్ తక్కువ, అక్కడ ఒక రింగు అటూ ఇటూ అయినా తట్టుకుంటుంది. పిల్లర్ అంచు దగ్గర వదిలితే, సరిగ్గా వాలు పగులు మొదలయ్యే చోట కుట్టు లేకుండా పోతుంది. డ్రైనేజీ గొట్టం కోసం దూలానికి కన్నం పెట్టే విషయంలోనూ ఇదే లెక్క. కన్నం తప్పదనుకుంటే ఇంజనీరును అడిగి, పిల్లర్ నుంచి దూరంగా జరిపి, చుట్టూ అదనపు కడ్డీలు వేయించాలి. పిల్లర్ పక్కనే లోతు మధ్యలో కన్నం తొలిచారంటే, షియర్ మోసే వైశాల్యాన్ని అది ఎక్కువ అవసరమైన చోటే తీసేసినట్టు. స్లాబ్ పోసేముందు మేస్త్రీతో కలిసి నడుస్తూ, ప్రతి దూలం రెండు చివర్లలో మొదటి రింగు పిల్లర్ అంచు నుంచి ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి చూడండి. అది 50 మి.మీ. దాటితే, కాంక్రీటు పడకముందే ఇంకొకటి కట్టించండి.